నచ్చనివాళ్ళకో నమస్కారం

మా అక్క కొడుకు ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పెట్టె తెరిచి చాక్లెట్లూ, బిస్కెట్లూ, వాళ్ళ నాన్నకి తెచ్చిన స్వెట్టరూ అన్నీ పంచిపెట్టాక, అడుగునుంచి మేజోళ్ళలో చుట్టి దాచిన సీసా ఒకటి తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. పొట్టి సీసా. బొజ్జ ముందుకొచ్చిన పెద్దమనిషిలా గుండ్రంగా ఉంది. పసుప్పచ్చ మూత. మూత తిప్పగానే మాడిన చారులో సోయా సాసు ఒలికినట్టు గదంతా వాసన.

"ఏమిట్రా ఇది? ఎడ్లబండి కందెనలా ఉంది," అన్నారు మా బావగారు.

"మార్మైట్ నాన్నా. బ్రెడ్డు మీద వెన్న రాసి, దాని మీద పూత పూసినట్టు రాసుకోవాలి. చాలా కొంచెం..." అని వాడు చెబుతూనే ఉన్నాడు. ఆయన జామ్ లెక్కన చెంచాడు తీసి దట్టించేశారు. ఒక్క కొరుకు కొరికారు. ఆయన కుర్చీలోంచి అంత వేగంగా లేవడం నేను ఈ మధ్యకాలంలో చూళ్ళేదు. సింకు దగ్గర పుక్కిలించిన చప్పుడు వీధి గుమ్మం దాకా వినిపించింది.

మా అమ్మ ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. "ఇందులో నీసేమీ లేదు కదరా?" అని మనవణ్ణి అడిగింది. "లేదమ్మమ్మా." "అయితే ఇలా తే." వేడన్నం, నెయ్యి, అందులో చింతగింజంత ఆ నల్లముద్ద. కలిపి రెండు ముద్దలు తిని, "ఉప్పు జాస్తి. కానీ బాగానే ఉంది. నాలుగు ఎండుమిరపకాయలు వేయించి నూరి కలిపితే ఇంకా బాగుంటుంది," అని తీర్పు చెప్పింది.

ఒక ఇల్లు, ఒక బల్ల, అయిదు నిమిషాల తేడా. ఆ సీసా అమ్మేవాళ్ళు పాతికేళ్ళకు పైగా డబ్బు పోసి చేస్తున్న ప్రచారమంతా ఈ రెండు దృశ్యాలే. "ఇది మీకు ప్రాణమైనా అవుతుంది, పరమ అసహ్యమైనా అవుతుంది" అని వాళ్ళే చాటుకుంటారు. తమ సరుకు నచ్చనివాళ్ళను దాచిపెట్టరు సరికదా, తెరమీదికి తెచ్చి కూర్చోబెడతారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ వింత వ్యాపారం గురించి. కంపెనీల పేర్లు ఎత్తకుండా ఈ కథ చెప్పడం కుదరదు. అయినా ఇది ప్రకటన అనుకోకండి. ఆ సీసా మా వీధి చివర కిరాణా కొట్లో దొరకదు, దొరికితే బావగారు ఆ కొట్టే మార్చేస్తారు.

ముందు అసలు అదేమిటో చెప్పాలి. ఇంగ్లండు నడిమధ్యన బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరుంది. బీరుకు పేరుపడ్డ ఊరు. బీరు పులియబెట్టడానికి ఈస్టు కావాలి. పని అయ్యాక ఆ ఈస్టు గుట్టలుగా మిగిలిపోతుంది. దాన్ని చిక్కబరిచి, సీసాలో పట్టి, తినొచ్చని కనిపెట్టినవాడు యూస్టుస్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. ఆ దారిన 1902లో బర్టన్‌లో మార్మైట్ కంపెనీ పుట్టింది. పక్కనే పెద్ద బీరు కర్మాగారం, ముడిసరుకుకు కొదవ లేదు. మార్మైట్ అంటే ఫ్రెంచిలో మూతగల వంటకుండ. సీసా మీది చీటీలో ఇప్పటికీ ఆ కుండ బొమ్మ ఉంటుంది. బీరు సంగతి మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. మనవడు తెలివైనవాడు.

ఇక్కడ కాస్త పక్కదారి పట్టాలి. ఎందుకంటే ఆ పక్కదారి బొంబాయి మీదుగా మన భీమవరం దాకా వస్తుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం పల్చబడిపోయి ప్రాణాల మీదికి వస్తోంది. ఇనుము ఇచ్చినా, మరేది ఇచ్చినా తగ్గని రకం రక్తహీనత అది. లోపం తిండిలో ఉందని విల్స్ అనుమానం. ముందు జంతువుల మీద, తర్వాత ఆ తల్లుల మీద రకరకాల ఆహారాలు పరీక్షిస్తూ పోయి, చివరికి చవగ్గా దొరికే ఈ నల్లముద్దను పట్టుకున్నారు. ఇది తిన్న తల్లులు తేరుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రచురించారు. ఈస్టులో ఉన్న ఆ పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు గనుక దాన్ని విల్స్ పేరుతోనే పిలిచేవారు. తర్వాత పాలకూర ఆకుల్లో కూడా దొరికితే, ఆకుకు లాటిన్‌లో ఉన్న పేరు మీదుగా ఫోలిక్ యాసిడ్ అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది 1945లో, అమెరికాలో లెడర్లీ సంస్థలో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలోని బృందం. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను తీసుకుపోయింది, ఆయన్నీ కుంగదీసింది. ఆ జబ్బుకు కూడా మందైన పదార్థం ఇది. ఇవాళ మన ఊళ్ళో ఏ గర్భిణికైనా ఆశా కార్యకర్త చేతిలో పెట్టే ఎర్రమాత్రల్లో ఉన్నది అదే. సింకులో బావగారు ఉమ్మేసినదానికి ఇంత చరిత్ర ఉంది.

ఇలాంటి సరుకును ఎలా అమ్ముతారు? మంచిది, బలం, పిల్లలకు పెట్టండి అని అమ్ముతారు. మార్మైట్ వాళ్ళూ దశాబ్దాల తరబడి అలాగే అమ్మారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల తిండిలో చేర్చారు. తర్వాత తల్లులకు చెప్పారు, బి విటమిన్ లెక్కలు చెప్పారు. అందరికీ మంచిది అన్నారు. అమ్మకం అంటే మనకూ తెలిసిన పద్ధతి అదేగా. మన సినిమా పోస్టర్లు చూడండి. "ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం", "సకుటుంబ సపరివార సమేతంగా". ముసలమ్మకు భక్తి, కుర్రాడికి ఫైటు, చంటివాడికి కోతి. ఎవరినీ వదులుకోకూడదు.

1996లో ఆ సీసా ప్రచారం లండన్‌లోని ఒక ప్రకటనల ఏజెన్సీ చేతిలో ఉంది. ప్రకటనల కుర్రాళ్ళు జంటగా పనిచేస్తారు, ఒకరు మాట, ఒకరు బొమ్మ. ఆ జంటలో ఒకరికి మార్మైట్ ఇష్టం, ఇంకొకరికి అసహ్యం. ప్రకటన ఎలా రాయాలా అని బుర్ర గోక్కుంటూ కూర్చున్నవాళ్ళకు, తమ మధ్యనున్న ఆ తగాదాయే ప్రకటన అని తోచింది. అప్పటినుంచీ అదే నినాదం. ఒక టీవీ ప్రకటనలో ఓ అమ్మాయి, అబ్బాయి రాత్రి షికారు ముగించుకుని ఆమె గదికి వస్తారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి గబగబా ఒక మార్మైట్ ముక్క తిని వస్తుంది. ముద్దు పెట్టుకుంటారు. వాడికి వాంతి వస్తుంది. అయిపోయింది ప్రకటన. సొంత సరుకుకు డబ్బిచ్చి వాంతి చేయించుకున్న కంపెనీ, చెప్పండి, ఇంకెక్కడైనా ఉంటుందా?

ఇందులో మతిలేనితనం ఏమీ లేదు. లెక్క చూడండి. బావగారు ఈ జన్మలో ఆ సీసా కొనరు. ఆయన్ను బతిమాలి లాభం లేదు, తిట్టి నష్టం లేదు. ఆయన ఎప్పుడో గట్టు అవతల ఉన్నారు. ఇవతల ఉన్నవాళ్ళకు మాత్రం ఆ మాట వేరేగా వినబడుతుంది. "ఇది అందరి నాలుకకూ పట్టేది కాదు, నీకు పట్టింది" అని. చిన్నప్పుడు అమ్మ రాసిచ్చిన రొట్టెముక్క, ఒక్క ప్రకటనతో, వాళ్ళ జాతకంలో ఓ భాగమైపోయింది. దేశం దాటేటప్పుడు మేజోళ్ళలో చుట్టుకుని మోసుకెళ్ళే వస్తువైంది. మావాడు ఆ దేశం వెళ్ళి రెండేళ్ళే అయింది. అప్పుడే వాడికీ ఆ పిచ్చి అంటుకుంది.

నచ్చనివాడు కూడా ఊరికే ఉండడు. ఆ సంక్రాంతి మర్నాడు బావగారు పొద్దున్నే పార్కులో నడకకు వెళ్ళి, పళ్ళ సెట్టు మేష్టారుకీ, రిటైరైన తహసీల్దారుకీ, యోగా క్లాసు బ్యాచ్ మొత్తానికీ కందెన కథ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ వాసన కాస్త పెరిగింది. మూడోరోజుకల్లా ఇద్దరు పెద్దమనుషులు "ఏదీ, ఆ సీసా ఓసారి చూద్దాం" అంటూ ఇంటికి వచ్చారు. ఒకాయన మొహం చిట్లించుకుని వెళ్ళారు. రెండో ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు. జీతం బత్తెం లేకుండా ఇంత ప్రచారం చేసినవాడు ఎవరు? సింకు దగ్గర పుక్కిలించినవాడే.

ఇంగ్లండులో ఇది ఎంతదాకా వెళ్ళిందంటే, మార్మైట్ అన్నది విశేషణమైపోయింది. కొందరు నెత్తిన పెట్టుకుని, కొందరు తిట్టిపోసే నాయకుణ్ణో, గాయకుణ్ణో, సినిమానో "మార్మైట్ మనిషి", "మార్మైట్ సినిమా" అంటారు.

అయితే ఇది ఎవరుపడితే వాళ్ళు ఆడే ఆట కాదు. ఆ ప్రకటన వచ్చేనాటికి సీసా వయసు తొంభై నాలుగేళ్ళు. ఇష్టపడేవాళ్ళు అప్పటికే లక్షల్లో ఉన్నారు, మూడు తరాలుగా ఉన్నారు. నిన్న కొట్టు తెరిచినవాడు ఇవాళ "మా ఇడ్లీ మీకు నచ్చకపోవచ్చు" అని బోర్డు పెడితే జనం "సరే నాయనా" అని పక్క కొట్టుకు పోతారు. ఇష్టపడే గుంపు వెనకాల లేనప్పుడు ఇష్టపడనివాళ్ళతో సరసం పనికిరాదు.

కెనడాలో మరో సీసా ఉంది. దగ్గుమందు. 1919లో, ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని ఊడ్చేసిన మరుసటి ఏడు, టొరంటోలో బక్లీ అనే ఫార్మసిస్టు కలిపాడు. కర్పూరం, మెంథాల్, దేవదారు జాతి చెట్ల జిగురు, నూనె, అమ్మోనియా లవణం. చక్కెర లేదు. తాగినవాడి మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పోటీ కంపెనీలు చెర్రీపండు రుచి, తేనె రుచి అంటూ వచ్చాయి. 1980లలో ఆయన కొడుకు ఫ్రాంక్ బక్లీ స్వయంగా ప్రకటనల్లోకి దిగి, "రుచి దారుణం, పని ఖాయం" అనే ధోరణిలో చెప్పడం మొదలుపెట్టాడు. చెడ్డ రుచిని తండ్రినుంచి వచ్చిన ఆస్తి అన్నట్టు మాట్లాడేవాడు. జనం కొన్నారు. ఆముదం తాగి పెరిగిన మా తరానికి ఇందులో ఆశ్చర్యం లేదు. ముక్కు మూయించి, కాళ్ళు పట్టించి పోశారంటే అందులో ఏదో శక్తి ఉండే ఉంటుందని మనకు నమ్మకం. చేదుగా ఉన్నంతమాత్రాన మందు పనిచేస్తుందని ఏ శాస్త్రమూ చెప్పదు. అయినా నిజం ఒప్పుకున్నవాడి రెండో మాట కూడా నమ్మాలనిపిస్తుంది. "రుచి దారుణం" అన్నది నిజం, అది మన నాలుకకు తెలుసు. దాని వెంబడే వచ్చిన "పని ఖాయం" కూడా నిజమే కాబోలు అనిపిస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది. కాస్త జాగ్రత్తగా ఉండాల్సిందీ అక్కడే.

మన దగ్గరికి వద్దాం. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్ళాక థమ్సప్ పుట్టింది. తీపి కాస్త తక్కువ, ఘాటు ఎక్కువ, ముక్కులోకి ఎక్కే గ్యాసు. 1993లో కోకాకోలా తిరిగొచ్చి దాన్ని కొనేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వచ్చిన ప్రచారం, తీపి కోలా తాగేవాళ్ళను చూసి "ఇంకా పెద్దవాళ్ళు కాలేదా, పెరిగి థమ్సప్‌కు రండి" అని ఆటపట్టించింది. మన రాష్ట్రాల్లో చిరంజీవి తాగారు, తర్వాత మహేష్ బాబు తాగారు, కుర్రకారు తాగింది. ఇందులోనూ కొందరిని గేటు బయట నిలబెట్టడం ఉంది. కానీ చూడండి, "నువ్వింకా పిల్లాడివి" అంటే ఏ పిల్లాడూ ఎల్లకాలం బాధపడడు. రేపు పెద్దవాడవుతాడు. ఆ గేటు తాళంచెవి వాడి వయసులోనే ఉంది.

మరి "నువ్వు ఆడపిల్లవి" అంటే?

యార్క్ నగరంలో 1976లో పుట్టిన యార్కీ అనే చాక్లెట్టు ఉంది. లావుపాటి ముక్కలు. మొదట్లో లారీ డ్రైవరు తినేదిగా చూపించారు. 1988లో దాన్ని తయారుచేసే కంపెనీని నెస్లే కొన్నది. 2002లో కాగితం మీదే అచ్చువేశారు, "ఇది ఆడపిల్లలకు కాదు" అని. పేరులోని ఓ అక్షరంలో ఆడమనిషి బొమ్మ, దాని మీద అడ్డగీత. రోడ్డు మీద ప్రవేశం లేదు అని పెట్టే గుర్తులాగా. టీవీ ప్రకటనలో ఓ అమ్మాయి మగవేషం వేసుకుని కొట్టుకు వస్తే, కొట్టువాడు నిజంగా మగాడివేనా అని పరీక్షలు పెడతాడు. జోకేనండీ, జోకే. సైనికులకిచ్చే పొట్లాల్లో "సివిలియన్లకు కాదు" అని కూడా వేశారు, అది నాకు నిజంగా నవ్వు తెప్పించింది. ఆ ఆడపిల్లల మాట దాదాపు పదేళ్ళు నడిచింది. 2011లో అమెరికాలో పది కేలరీల డాక్టర్ పెప్పర్ పానీయాన్ని "ఆడవాళ్ళకు కాదు" అంటూ అమ్మబోయారు. డైట్ పానీయం తాగడం మగవాళ్ళకు నామోషీ అట, ఆ నామోషీ పోగొట్టడానికట.

మార్మైట్ ప్రకటన చూసి నవ్విన నేను వీటిని చూసి నవ్వలేకపోయాను. ఎందుకా అని చాలాసార్లు ఆలోచించాను. మార్మైట్ సీసా బావగారిని ముందే వెళ్ళగొట్టలేదు. చెంచా ఆయన చేతికే ఇచ్చింది. నోట్లో పెట్టుకున్నది ఆయన, ఉమ్మేసింది ఆయన, గట్టు అవతలికి నడిచి వెళ్ళింది ఆయన. మా అమ్మ అదే చెంచాతో ఇవతలే ఉండిపోయింది. నిర్ణయం నాలుకది. చాక్లెట్టు కాగితం మీది అడ్డగీత అలాంటిది కాదు. అమ్మాయి నాలుకను ఎవరూ అడగలేదు. పుట్టుకను చూసి గీత గీసేశారు.

పుట్టుకను చూసి గీసిన గీతలు మనకు కొత్తేమీ కావు. తెల్లవాళ్ళ హయాంలో రైల్వే స్టేషన్లలో హిందువులకో కుండ, ముస్లిములకో కుండ. హోటలు బోర్డు మీద ఫలానా కులంవారి భోజనం అని రాసుకోవడం పెద్దలు చాలామంది కళ్ళారా చూసిందే. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసెయ్యాలని పెరియార్ ఉద్యమమే నడిపారు. అదంతా ఎప్పటి మాటో అనుకుంటారేమో. ఇవాళ హైదరాబాదులో ఏ కాలనీలోనైనా టులెట్ బోర్డులు చదువుకుంటూ నడవండి. "శాకాహారులకు మాత్రమే" అని ఉంటుంది. ఆ "శాకాహారం" అన్న మాటకు అసలు అర్థం, ఫోన్ చేసి మీ పేరు చెప్పాక మొదలయ్యే రెండో ప్రశ్నలో తెలుస్తుంది. ఆ బోర్డూ ఒక రకం ప్రకటనే. కొందరిని బయట నిలబెట్టి, లోపలివాళ్ళకు "మీరు మావాళ్ళు" అని చెప్పే ప్రకటన.

మార్మైట్ వాళ్ళకు కూడా ఓసారి చెయ్యి కాలింది. 2010లో బ్రిటన్ ఎన్నికలప్పుడు సరదాకి రెండు ఉత్తుత్తి పార్టీలు పెట్టారు, ఒకటి ప్రేమ పార్టీ, ఒకటి ద్వేష పార్టీ. అదే ఎన్నికల్లో నిజంగా పోటీచేస్తున్న బ్రిటిష్ నేషనల్ పార్టీ, అంటే వలస వచ్చినవాళ్ళు పోవాలనే పార్టీ, ఆ ద్వేష పార్టీ తమను వెక్కిరించడానికే పెట్టారని పట్టుకుంది. తన ప్రచార వీడియోలో మూలన మార్మైట్ సీసా బొమ్మ పెట్టేసుకుంది. సీసా యజమానులైన యూనిలీవర్ కోర్టుకు పరుగెత్తాల్సి వచ్చింది. రొట్టె మీద రాసుకునే దాని గురించి ఊరిని రెండుగా చీల్చి నవ్వుకుంటున్నవాళ్ళ పక్కన, ఊరిని నిజంగానే చీల్చేవాడు వచ్చి నిలబడి ఫోటో దిగినట్టయింది.

దాని తర్వాత కూడా వాళ్ళు మానలేదనుకోండి. 2013లో ఇళ్ళలో వాడకుండా మూల పడేసిన మార్మైట్ సీసాలను రక్షించే దళం అంటూ ప్రకటన తీశారు, జంతుసంరక్షణవాళ్ళ పనిని వెక్కిరించారంటూ వందలాది ఫిర్యాదులు వచ్చాయి. విచారణలో తప్పేమీ లేదని తేలింది. ఫిర్యాదుల వార్త చదివి ఆ ప్రకటన వెతుక్కుని చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మావాడు వెళ్ళిపోయి ఆరు నెలలైంది. సీసా మొన్న ఖాళీ అయింది. అమ్మ చివర్లో చెంచా కాడతో గోకి మరీ తినేసింది. నాలుగుసార్లు కడిగి, ఎండలో పెట్టి, అందులో అక్క ఇంగువ పోసుకుంది. ఆ రెండు వాసనలూ కలిసి ఏమైందో నేను రేడియోలో చెప్పలేను. బావగారు ఇప్పుడు కాఫీ కావాలంటే వంటింటి గుమ్మం దగ్గరే ఆగి చెయ్యి చాపుతున్నారు.